మిగిలిన సొమ్ము – కావలి సొమ్ము

నెలకడపట చేతిలో నాలుగు రూపాయలు మిగిలినచో సంతసింపని గృహిణి యుండదు. కాని వివేకవతియైన యిల్లాలు ఆ సంతోషమునకు ముందే తన్ను దానొక ప్రశ్న వేసికొనును: ఇది నిజముగా మిగిలినదా, లేక చేయవలసినదానిని చేయకపోవుటచే మిగిలినదా? పిల్లవానికి జ్వరము వచ్చినపుడు మందు కొనక దాచిన సొమ్ము పొదుపు కాదు. వీధితలుపు గడియ విరిగినను బాగుచేయింపక నిలువచేసిన సొమ్మును పొదుపు కాదు. గడియకు కావలసినది నూఱు రూపాయలే కావచ్చును. అది లేనందున ఒక రాత్రి పోవునది యింటిలోని సమస్తమును కావచ్చును.

సంసారమునందు ఇంత సులభముగా బోధపడు నీ విషయము రాజ్యవ్యవహారమునందు మఱుగుపడిపోవుచున్నది. ప్రభుత్వము సంవత్సరారంభమున ఈ పనికింత సొమ్మని కేటాయించును. సంవత్సరాంతమున అందు కొంత ఖర్చుకాక నిలుచును. నిలిచినదానిని చట్టముచేత మరల ఖజానాకు రాబట్టుట న్యాయమా? అందును, సొమ్ము సరిగా ఖర్చగుచున్నదా లేదా యని చూచుటకై యుంచిన తనిఖీ సొమ్మే మిగిలినపుడు దాని నేమి చేయవలెను? ఈ రెండు ప్రశ్నలను సోదరీమణుల యెదుట నుంచుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము. ఇది కచేరీలలోని యధికారుల గొడవ యని మనము త్రోసిపుచ్చరాదు. రేషను బియ్యము, బడిపిల్లల మధ్యాహ్నభోజనము, ముసలివారి పింఛను, బాలింతల పౌష్టికాహారము, ఇవి యన్నియు అట్టి కేటాయింపులనుండియే మన వాకిటికి వచ్చుచున్నవి.

మిగులును గూర్చిన చింత మన దేశమునకు క్రొత్తది కాదు. కౌటిల్యుని యర్థశాస్త్రములో, అధ్యక్షప్రచారమను రెండవ యధికరణమునందు, ఆయములోనుండి వ్యయము పోగా నిలిచిన శేషమునకు 'నీవి' యని పేరు. నీవి యనగా స్త్రీల కట్టుముడి, పోకముడి, యని కావ్యములు చదివినవా రెరుగుదురు. రాజ్యపు మిగులునకును ఆడుదాని కట్టుముడికిని ఒకే మాట యుండుట నాకు మిక్కిలి సొంపుగా దోచును. కొంగున రూపాయి ముడివైచుకొను మన పెద్దల వాడుక నెరిగినవారి కిది వింతగా నుండదు. కౌటిల్యుడు ఆ నీవిని రెండు విధములుగా జెప్పెను: ఆ యేటిలో చేతికి వచ్చినది యొకటి, మరుసటి యేటికి సాగివచ్చున దొకటి. 354 దినముల పనిసంవత్సరము ఆషాఢ పూర్ణిమతో ముగియునని నియమించి, ఆనాటికి లెక్కలు వ్రాయువారందరును ముద్రవేసిన పుస్తకములతోడను నీవితోడను రాజధానికి రావలెననియు, వచ్చినవా రొకరితో నొకరు మాటలాడకుండ చూడవలెననియు శాసించెను. మిగిలిన సొమ్ము నప్పగించుటయే చాలదు, లెక్కలు కలిపికొని దిద్దుకొనుట కెడమీయరాదని యాతని భావము.

నేడు ఆషాఢ పూర్ణిమకు బదులు మార్చి 31వ తేది వచ్చినది. మన రాజ్యాంగము ననుసరించి రాష్ట్రపు పన్నులును అప్పులును సంచితనిధి యను నొకే బొక్కసమున చేరును. శాసనసభ చట్టము చేయనిదే అందుండి యొక్క రూపాయియైనను తీయరాదని 266వ యధికరణము చెప్పుచున్నది. అట్లు తీయుటకు ఏటేట చేయు చట్టమునకు ద్రవ్యవినియోగ చట్టమని పేరు. ఆ యనుమతి యొక్క యేటికే. మార్చి 31 రాత్రితో అది చెల్లును; అప్పటికి ఖర్చుకానిదానిని ఆయా శాఖలు గడువులోపల తిరిగి యొప్పగింపవలెను. మిగిలిన యనుమతి మురిగిపోయినదని పత్రికలు వ్రాయుట మనము చూచుచునే యున్నాము. సొమ్ము కుళ్లిపోదు; దానిని ముట్టుకొను హక్కు మాత్రమే పోవును.

ఈ నియమము మంచిదే. ప్రజల సొమ్మును ప్రజాప్రతినిధులు ఏటేట చూచి యీయవలెనన్నచో, ఈ యేటి యనుమతి పదేండ్లు సాగరాదు గదా. కాని మంచి నియమమునకును ఒక నీడ యుండును. మాయింట నుపాధ్యాయవృత్తి యుండుటచే ఆ నీడను దగ్గరనుండి చూచితిని. ఒక పాఠశాలకు ఆడుపిల్లల మరుగుదొడ్ల తలుపులకై కోరిన సొమ్ము ఏడాది పొడుగునను రాక, మార్చి చివరి వారమున వచ్చెను. కొలతలు తీసి, వడ్రంగిని పిలిచి, తలుపులు చేయించునంతలో గడువు తీరిపోవును. సొమ్ము వెనుకకు పోవునను భయముచే అంగడిలో నప్పటికప్పుడు దొరకిన వస్తువులు కొని రసీదులు కూర్చిరి. లెక్కలో ఖర్చు పూర్తియయ్యెను. తలుపులు మాత్రము రాలేదు. పిల్లలు మరి యొక యేడు చీర యడ్డము కట్టుకొనవలసివచ్చెను.

గడువునకు వెఱచి తొందరపడి ఖర్చుపెట్టుట యొక దోషము. గడువునకు చిక్కకుండ దాచుట మరియొకటి. మార్చి చివర సొమ్మును ఖజానాలోనే వేరొక ఖాతాకు మార్చి, ఖర్చైనట్లు వ్రాసి, తరువాత తీరికగా వాడుకొను పద్ధతి యొకటి కలదు. వాటికి పి.డి. ఖాతాలని వాడుక. కొన్ని పనులకై నియమబద్ధముగా నేర్పడిన యీ ఖాతాలు గడువు తప్పించుకొను త్రోవగా మారుచున్నవని దేశపు లెక్కలు పరిశీలించు కంప్ట్రోలరు, ఆడిటరు జనరలువారు తమ నివేదికలలో పలుమారు తప్పుపట్టిరి. ఇది పోపులడబ్బాలో కొంత, బియ్యపుకుండలో కొంత, దేవుని పటము వెనుక కొంత దాచి, ఇంటిలో పైకము లేదని అప్పు తెచ్చుటవంటిది. ప్రభుత్వమును ఒకచోట సొమ్ము నిద్రపోవుచుండగా మరియొకచోట వడ్డీకి అప్పు చేయవలసివచ్చును.

దీనికి మందుగా కేంద్ర ఆర్థికశాఖవారు 2021 మార్చిలో నొక కట్టడి చేసి, ఆ యేటి జూలై 1వ తేదినుండి అమలుపరచిరి. కేంద్రము, రాష్ట్రము కలిసి నడపు ప్రతి పథకమునకును రాష్ట్రమంతటికి ఒకే ముఖ్యఖాతా యుండవలెను. క్రింది కార్యాలయముల ఖాతాలలో ఖర్చుకాక యున్న సొమ్మంతయు ఆ ఖాతాకు తిరిగి చేరవలెను. దాచిన మూటలన్నియు ఒక్క పెట్టెలోనికి వచ్చినపుడే యింటిలో నెంత యున్నదో యజమానురాలికి దెలియును. కావున ఖర్చుకాని సొమ్మును రాబట్టు కట్టడి నంతటిని నేను నిందింపను.

అయినను అన్ని మిగుళ్లును ఒక్కటి కావు. మా యలంపురమున బాదామి చాళుక్యుల కాలమునాటి నవబ్రహ్మాలయములను చూడవచ్చువారు శిల్పములను చూచి మెచ్చుకొందురు. శాసనముల రాళ్ల నంతగా గమనింపరు. మన దేశపు దానశాసనముల కడపట తరచుగా నొక హితవు కానవచ్చును. దానము చేయుట, చేసిన దానమును కాపాడుట, ఈ రెంటిలో కాపాడుటయే గొప్పదని దాని భావము. భూమి నిచ్చిన రాజు తన పేరును చెక్కించుకొని యూరకుండక, ముందుతరములవారు దానిని కాపాడవలెనని వేడుకొనెను. ఇచ్చుటకు చేయి చాలును. కాపాడుటకు కన్ను కావలెను. నేటి ప్రభుత్వమున ఆ కంటికే తనిఖీ యని పేరు.

మన ప్రాంతమున ఆ కన్ను ఎట్లు పనిచేసెనో చూతము. 2005లో పార్లమెంటు చేసిన గ్రామీణ ఉపాధి హామీ చట్టము 2006 ఫిబ్రవరి 2వ తేదిని అనంతపురము జిల్లా బండ్లపల్లెలో నారంభింపబడెను. అప్పటికి అలంపురము మహబూబునగరు జిల్లాలో నుండెను. 2016 అక్టోబరులో జోగులాంబ గద్వాల జిల్లా యేర్పడువరకు అట్లే యుండెను. ఆ మహబూబునగరు జిల్లా మొదటి విడతలోనే పథకములో చేరినది. చట్టపు 17వ సెక్షను గ్రామసభయే పనులపై సామాజిక తనిఖీ జరుపవలెనని విధించెను. అప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము దీనిని దేశమున మొట్టమొదట పెద్దయెత్తున నడపి, 2009లో ప్రత్యేకముగా నొక సంఘమును నెలకొల్పెను. 2011లో కేంద్రము చేసిన నియమములు ప్రతి పంచాయతిలోను ఆరు నెలల కొకసారియైనను సామాజిక తనిఖీ జరుగవలెననియు, పని చేయించినవారు అందు జోక్యము కలిగించుకొనరాదనియు నిర్ణయించెను.

ఆ తనిఖీలో బ్రహ్మవిద్య యేమియు లేదు. కూలికుటుంబములలో కొంత చదువుకొన్న యువతీయువకులకు శిక్షణ యిచ్చి ఊరికి పంపుదురు. వారు కూలిమస్తరులు పట్టుకొని యింటింటికి తిరిగి, నీవెన్ని దినములు పనికి పోతివి, నీ చేతికెంత ముట్టెను, అని యడుగుదురు. త్రవ్వితిమన్న గుంట దగ్గరకు టేపు తీసికొనిపోయి పొడవు వెడల్పులు కొలుతురు. కడపట మండలములో ప్రజావేదిక జరిపి, అందరియెదుట చదివి వినిపింతురు. వలసపోయి పట్నమున రాళ్లు మోయుచున్నవాని పేర ఇక్కడ హాజరు పడినచో, ఆ వేదికమీద వాని తల్లియే లేచి, నా కొడుకు ఊరిలోనే లేడు గదా యని చెప్పగలదు. కాగితమునకు సమాధానము చెప్పవచ్చును; ఆ తల్లికి చెప్పుట కష్టము.

ఈ పనికై పథకపు ఖర్చులో నూటికి అర్ధరూపాయి వరకు కేటాయింపవచ్చునని యేర్పాటుండెను. నూఱు రూపాయల పెట్టెకు అర్ధరూపాయి తాళము! 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ పథకమునకు బదులుగా వేరొక చట్టమును చేసినది. అందును సామాజిక తనిఖీ యను మాట నిలిచియున్నది. మాట నిలిచినంత మాత్రమున పని జరుగదు. తిరుగువారికి బత్తెము, కొలుచుటకు దినములు, ప్రజావేదికకు ఏర్పాటు, ఇవి యన్నియు సొమ్ముతో గూడినవే.

ఇక అసలు చిక్కు వినుడు. చెరువుకట్ట వేయకున్న రైతు అడుగును. బియ్యము రాకున్న తల్లి అడుగును. తనిఖీ జరుగకున్న అడుగువారెవరు? ఎవరి కంచములోను అది లోపించినట్లు కనబడదు. పైగా తనిఖీ జరుగనందున సుఖపడువారు కొందరుందురు. సొమ్ము విడుదల చేయవలసిన చేయియు, తనిఖీకి లోబడవలసిన చేయియు ఒక్కటేయైనచో, విడుదల ఆలస్యమగుటలో వింత యేమి? దొంగకు తాళపుచెవిని కొనిపెట్టు పని యప్పగించినట్లే. ఏడాది చివర ఆ యర్ధరూపాయి మిగులును. దానిని పొదుపని వ్రాసికొని ఖజానాకు రాబట్టుకొందురు. పెట్టెలోనుండి పోయిన రెండు రూపాయలు మాత్రము ఏ లెక్కలోను కానరావు, ఏలయన చూచినవారు లేరు.

ఇది నా యూహ మాత్రమే కాదు. అమెరికా దేశపు టుదాహరణము చూడుడు. అక్కడ 2022లో చేసిన యొక చట్టము పన్నుల శాఖకు రమారమి 8,000 కోట్ల డాలర్ల నదనముగా నిచ్చెను; అందు సగమునకు మించిన భాగము పన్ను ఎగవేయువారిని కనిపెట్టు పనికే. 2023లో అప్పుల పరిమితినిగూర్చి వివాదము వచ్చినపుడు, ఖర్చుకాని సొమ్మును వెనుకకు తీసికొను చట్టము చేసి, ఆ శాఖనుండి రమారమి 140 కోట్ల డాలర్లను తీసికొనిరి. అక్కడి కాంగ్రెసువారి బడ్జెటు కార్యాలయమే లెక్కవేసి, దీనివలన పదేండ్లలో పన్నులరాబడి రమారమి 230 కోట్లు తగ్గునని చెప్పెను. అనగా 140 కోట్లు మిగుల్చుకొనబోయి 230 కోట్లు పోగొట్టుకొనుట. నికరముగా 90 కోట్ల నష్టము. కావలివాని జీతము మిగిల్చిన యింటి కథ యిదియే.

ఆ దేశమునుండి నేర్వదగిన మంచియు నొకటి కలదు. 1974లో వారు చేసిన చట్టము ననుసరించి, శాసనసభ మంజూరుచేసిన సొమ్మును అధ్యక్షుడు తనంత దాను బిగబట్టరాదు. వలదనుకొన్నచో కారణము వ్రాసి సభనడుగవలెను. సభ కూడియుండు 45 దినములలో అంగీకరింపనియెడల ఆ సొమ్మును విడుదల చేయవలెను. అడిగి తీసికొనుటకును అడుగక నిలుపుటకును గల భేదము నీ చట్టము గుర్తించినది.

అట్లయిన తనిఖీ సొమ్ము ఎన్నటికిని మురిగిపోకుండ చేసినచో చాలునా యని యడుగవచ్చును. చాలదు. 2012 డిసెంబరు నాటి ఢిల్లీ ఘోరము తరువాత, స్త్రీల రక్షణకై 2013-14 కేంద్ర బడ్జెట్టులో 1,000 కోట్ల రూపాయలతో నిర్భయ నిధిని నెలకొల్పిరి. ఏడాది గడచినను మురిగిపోని నిధిగా దానిని నిర్ణయించిరి. మొదటి సంవత్సరములలో ఆ సొమ్ములో చాల భాగము ఖర్చుకాక పడియుండెను. మురిగిపోదను ధైర్యమే కొన్నిచోట్ల సోమరితనమునకు తలగడ యగును. పెట్టెలో భద్రముగా నున్న సొమ్ము చీకటివీధిలో దీపము వెలిగింపదు.

ఈ రెంటికిని నడుమ నొక దారిని తెలంగాణ శాసనసభయే చూపినది. షెడ్యూలు కులముల, తెగల యభివృద్ధికి జనసంఖ్య ననుసరించి సొమ్ము కేటాయింపవలెనని 2013లో ఆంధ్రప్రదేశమున నొక చట్టము వచ్చెను. కేటాయించుట జరిగినను ఖర్చుకానిది ఏడాది చివర పోవుచుండెను. 2017లో తెలంగాణము చేసిన ప్రత్యేకాభివృద్ధినిధి చట్టములో, ఖర్చుకాని భాగమునకు సమానమైనదానిని మరుసటి యేటి నిధికి చేర్చవలెనని వ్రాసిరి. ఖర్చుచేయకుండుటవలన శాఖకు లాభము లేదు. ఆ బాధ్యత మరుసటి యేడు బాకీవలె వచ్చి నిలుచును. కౌటిల్యుడు చెప్పిన సాగివచ్చు నీవి యిదే గదా.

నాకు దోచిన దేమనగా, తనిఖీ సొమ్మునకును ఇట్టి కట్టడియే కావలెను. ఖర్చుకాని తనిఖీ సొమ్మును రాబట్టు చట్టము చేయునపుడు, తనిఖీ పూర్తియై మిగిలినదానిని మాత్రమే ఖజానాకు చేర్చవలెను. తనిఖీ జరుగక మిగిలినదానిని అదే యూరి తనిఖీకి మరుసటి యేడు చేర్చి, ఏల జరుగలేదో కారణము గ్రామసభలో చదివింపవలెను. రెండవ యేడును జరుగనియెడల, దానికి బాధ్యులెవరో శాసనసభకు దెలుపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఆ సొమ్ము చూడబడువారి చేతిలో నుండరాదు. ఈ నీతి మన రాజ్యాంగకర్తలకు దెలియును. కంప్ట్రోలరు, ఆడిటరు జనరలుగారి కార్యాలయపు పరిపాలనవ్యయము నేరుగా సంచితనిధిపై పడునట్లు 148వ యధికరణమున నిర్ణయించిరి; దానిమీద సభలో చర్చ జరుగవచ్చునేగాని వోటుచేత తగ్గించుటకు వీలులేదు. ఢిల్లీలోని పెద్దకంటికి చేసిన యీ రక్షణలో కొంతయైనను పల్లెలోని చిన్నకంటికి చేయవలదా?

ఇట్టి చట్టము పైనుండి వచ్చుటకు కాలము పట్టును. అంతవరకు మన చేతిలో నేమియు లేదని తలపరాదు. పొదుపుసంఘములలో వారము వారము పుస్తకము తెరచి, ఎవరెంత కట్టిరి, ఎవరెంత తీసికొనిరి, అని పదిమంది యెదుట చదువు స్త్రీలు మన యూళ్లలో నెందరో యున్నారు. వారికి తనిఖీ క్రొత్త విద్య కాదు. తెలంగాణ పంచాయతిరాజ్ చట్టము, 2018, రెండు నెలల కొకసారి గ్రామసభ కూడవలెనని చెప్పుచున్నది. 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద ఎవరైనను వ్రాసి యడుగవచ్చును. సాధారణముగా ముప్పది దినములలో ప్రత్యుత్తర మీయవలెను. సభలో లేచి నిలుచుటకు బిడియపడు సోదరి కాగితముమీద నడుగవచ్చును. కాగితమునకు బిడియము లేదు.

అడుగవలసిన ప్రశ్నలును పెద్దవి కావు. ఈ యేడు మా యూరి పనుల తనిఖీకి ఎంత సొమ్ము వచ్చెను? ఎన్నాళ్లు తనిఖీ జరిగెను? తేలిన లోపములలో ఎన్ని సరిదిద్దబడెను, ఎంత సొమ్ము తిరిగి వచ్చెను? మిగిలినది యున్నచో, అది చూచిన తరువాత మిగిలినదా, చూడకుండుటచే మిగిలినదా? ఈ చివరి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పగలిగిన కార్యాలయమునుండి మిగిలిన సొమ్మును రాబట్టవచ్చును. జవాబు చెప్పలేని కార్యాలయమునుండి ముందుగా రాబట్టవలసినది సొమ్ము కాదు, లెక్క.